బరువు తగ్గితే ఫీల్డింగ్ మెరుగవుతుందా?

ప్రశ్న: బేస్‌బాల్ ఫీల్డర్లు ఎక్కువసేపు నిలబడే ఉంటారు కదా. టొరంటో బ్లూ జేస్ ఆటగాడు వ్లాదిమిర్ గెరెరో జూనియర్ బరువు తగ్గడం ఫీల్డింగ్‌కు నిజంగా ఉపయోగపడిందా?

జవాబు: ఉపయోగపడిందనే నా అభిప్రాయం, అయితే బరువు ఒక్కటే కారణం కాదు. బ్యాటర్ పరుగెత్తుతూ వరుసగా తాకాల్సిన స్థానాలను బేస్‌లు అంటారు; ఒక్కో బేస్ దగ్గర ఒక ఫీల్డర్ ఉంటారు. 2019లో థర్డ్ బేస్ (మూడో బేస్) ఆటగాడిగా వచ్చిన గెరెరోను 2020లో ఫస్ట్ బేస్ (మొదటి బేస్)కు మార్చారు. థర్డ్ బేస్ వద్ద, బ్యాట్‌ను తాకి రెప్పపాటులో దూసుకొచ్చే బంతిని వంగి అందుకుని, వెంటనే దాదాపు 39 మీటర్ల దూరంలోని ఫస్ట్ బేస్‌కు విసరాలి. ఫస్ట్ బేస్ వద్ద అంత దూరం విసరడం అరుదు గానీ, ఒక కాలు బేస్‌పై ఉంచి శరీరాన్ని పూర్తిగా సాచి, సహచరులు విసిరితే నేలబారుగా వచ్చే బంతులను ఒడిసిపట్టాలి. ఇందుకు తుంటి, తొడ కండరాల సాగుడుతనం ఎంతో అవసరం. 2020 వేసవి తర్వాత కొద్ది నెలల్లో ఆయన 42 పౌండ్లు, అంటే సుమారు 19 కిలోలు తగ్గారు. 2022లో ఫస్ట్ బేస్ ఫీల్డింగ్‌కు గోల్డ్ గ్లవ్ పురస్కారం అందుకున్నారు. కొత్త స్థానంలో చేసిన సాధనను కూడా ఇందులో తక్కువ చేయలేము. మీరు ‘నిలబడటం’ అని చెప్పినది నిజానికి ప్రతి బంతికీ మోకాళ్లు వంచి సిద్ధంగా ఉండటం. 162 మ్యాచ్‌ల సీజన్‌లో అలసిన కాళ్లకు బంతి వైపు వేసే మొదటి అడుగే ఆలస్యమవుతుంది.