ఆర్‌పీజీ (మనమే ఒక పాత్రగా మారి కథ నడిపే) గేముల్లో ప్రేమ, పెళ్లి ఉండాలా?

ఉండాలి, కానీ వద్దనుకున్నవాళ్లు వదిలేసే వీలుండాలి. దోస్తీ, పగ ఉన్న కథలో ప్రేమ ఎందుకుండకూడదు?

అసలు సంగతి రాసే తీరులో ఉంది. 2011లో వచ్చిన స్కైరిమ్ గేమ్‌లో ఎవరికో చిన్న పని చేసిపెట్టి, మారా అనే ప్రేమదేవత తాయెత్తు వేసుకుని పలకరిస్తే లగ్గం ఖాయం. తర్వాత భార్య రోజుకోసారి వండిపెడుతుంది, దుకాణం లాభంలో వాటా ఇస్తుంది. మనసు విప్పి మాట్లాడేది తక్కువ. నల్లగొండలో ఉండే మా మేనకోడలు అది చూసి "గింతేనా మామా?" అంది. న్యాయమైన నిరాశే.

2015 నాటి విచర్ 3 గేమ్‌లో మాత్రం ట్రిస్, యెన్నెఫర్ అనే మంత్రగత్తెలిద్దరికీ ప్రేమ ఒలకబోస్తే చివరికి ఇద్దరూ దక్కరు. చేసినదానికి ఫలితం అలా కనబడాలి. ఒక్కో ప్రేమకథకు బోలెడు సంభాషణలు, డబ్బింగ్ కావాలి. అంత ఖర్చు పెట్టలేని స్టూడియో మంచి స్నేహాలు రాస్తే మేలు.