వెన్నెముక ఆపరేషన్: ముందే సరిదిద్దుకోవాల్సినవి

ప్రశ్న: నా వయసు 61 ఏళ్లు. పది నిమిషాలు నడిస్తే చాలు, రెండు కాళ్లూ పిరుదుల నుంచి పిక్కల దాకా లాగేస్తాయి. కాసేపు కూర్చుంటే గానీ మళ్లీ అడుగు పడదు. నడుములో ఎల్4 వెన్నుపూస ముందుకు జారి నరాలు నొక్కుకుపోతున్నాయని, స్క్రూలు, రాడ్లు వేసి బిగించాలని డాక్టర్లు చెప్పారు. నాకు 14 ఏళ్లుగా మధుమేహం ఉంది. హెచ్‌బీఏ1సీ 9.2 వచ్చింది. నాలుగేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. రోజుకు ఏడెనిమిది సిగరెట్లు కాలుస్తాను. వెన్నెముకకు ఆపరేషన్ చేయించుకుంటే కాళ్లు పడిపోతాయని తెలిసినవాళ్లంతా భయపెడుతున్నారు. చేయించుకోవచ్చా?

సలహా: ముందుగా మీ భయం గురించి చెబుతాను. పెద్దవాళ్లలో వెన్నుపాము సాధారణంగా నడుము పైభాగంలో ఉండే ఎల్1, ఎల్2 వెన్నుపూసల దగ్గరే ముగిసిపోతుంది. అక్కడి నుంచి కిందికి దిగేవి గుర్రం తోకలా విడివిడిగా ఉండే నాడుల పోగులు. మీ ఆపరేషన్ ఎల్4 దగ్గర కాబట్టి వెన్నుపాము ఆ చోట ఉండదు. నాడి దెబ్బతినటం అసలే జరగదని నేను అనను. పాదం పైకి లేవకపోవటం, తిమ్మిరి వంటివి కొద్దిమందిలో కనిపిస్తాయి. అయితే రెండు కాళ్లూ పూర్తిగా చచ్చుబడటం చాలా అరుదు. మీ వివరాలు చదివాక నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి ఆపరేషన్ పుండులో చీము పట్టటం, ఎముక అతుక్కోకపోవటం, స్క్రూలు వదులు కావటం. ఈ మూడింటి ముప్పునూ చాలావరకు తగ్గించుకునే వీలు మీ చేతుల్లోనే ఉంది.

ఆపరేషన్‌లో వేసే స్క్రూలు, రాడ్లే జీవితాంతం నడుము బరువు మోస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి వెన్నుపూసలను కదలకుండా పట్టి ఉంచేది సర్జన్ పక్కన పేర్చిన ఎముక ముక్కల్లోకి సన్నటి రక్తనాళాలు పాకి, కొత్త ఎముక పుట్టి, రెండు వెన్నుపూసలూ ఒకటిగా కలిసేదాకా మాత్రమే. దీనికి నెలలు పడుతుంది. సిగరెట్‌లోని నికొటిన్ సరిగ్గా ఈ సన్నటి రక్తనాళాలనే కుంచించుకుపోయేలా చేస్తుంది, ఎముకను తయారుచేసే కణాలనూ మందగింపజేస్తుంది. ఎముక అతుక్కోకపోతే లోహం ఎంత గట్టిదైనా రోజూ వంగి వంగి ఒకనాటికి వదులవుతుంది, లేదా విరుగుతుంది. అప్పుడు రెండోసారి ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. అది మొదటిదానికంటే కష్టమైనది కూడా. అందుకే ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు సిగరెట్ పూర్తిగా మానెయ్యాలి, ఆ తర్వాత ఎముక అతుక్కునే నెలలన్నీ దాని జోలికి వెళ్లకూడదు. నికొటిన్ ప్యాచ్‌లు, చూయింగ్ గమ్‌లలోనూ ఉండేది నికొటినే కాబట్టి అవి వాడుతుంటే సర్జన్‌కు తప్పకుండా చెప్పండి.

హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల్లో రక్తంలో గ్లూకోజు సగటున ఎలా ఉందో చెబుతుంది. ఆపరేషన్ ముందు రోజు ఇన్సులిన్ ఇచ్చి గ్లూకోజును దించినంత మాత్రాన అది మారదు. మీకు 9.2 ఉంది. ఇలాంటి ముందుగా నిర్ణయించుకునే ఆపరేషన్లకు చాలామంది సర్జన్లు 7.5 నుంచి 8 లోపు ఉండాలని కోరతారు. గ్లూకోజు ఎక్కువగా ఉంటే సూక్ష్మక్రిములతో పోరాడే తెల్లకణాల శక్తి తగ్గుతుంది, పుండు మానటమూ ఆలస్యమవుతుంది. చీము పట్టటం తరచూ ఆసుపత్రిలో ఉన్నప్పుడు కాకుండా ఇంటికి వెళ్లాక, రెండు మూడు వారాలకు బయటపడుతుంది. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగటం, కుట్ల కింది చివర తడిగా ఉండి కట్టుకు మరక అంటటం, జ్వరం రావటం దాని గుర్తులు. కొందరిలో జ్వరం ఉండదు కూడా. కట్టు తడిసిందంటే సర్జన్‌కు చూపించటానికి మరుసటి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

మీ వయసుకు ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ కూడా అడిగి చేయించుకోండి. అందులో వచ్చే టి-స్కోరు మైనస్ 2.5 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఎముక గుల్లబారినట్టు లెక్క. అలాంటి ఎముకలో స్క్రూ పట్టు నిలవదు. అవసరమైతే ముందు కొన్ని నెలలు మందులు వాడి, ఎముకను బలపరచి, ఆపరేషన్ చేయటం మంచిది. రక్తహీనత, పోషకాహార లోపం కూడా ఉన్నాయేమో చూడాలి.

స్టెంట్ ఉంది కాబట్టి రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకుంటూ ఉంటారు. వాటిని మీ అంతట మీరు ఒక్క రోజు కూడా మానొద్దు. ఏది ఎన్ని రోజుల ముందు ఆపాలో, ఏది కొనసాగించాలో గుండె డాక్టరు, సర్జన్, మత్తు డాక్టరు కలిసి నిర్ణయించాలి. ఆపరేషన్ సమయంలోనూ వేసుకుంటే నాడుల చుట్టూ రక్తం చేరి ఒత్తిడి పెరిగే ముప్పు, ఆపితే స్టెంట్ మూసుకుపోయే ముప్పు.

మిగతా సమస్యల్లో నాడుల చుట్టూ ఉండే పొర చిరగటం ఒకటి. దాన్ని అక్కడికక్కడే కుట్టేస్తారు, ఎక్కువమంది కోలుకుంటారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా త్వరగా లేపి నడిపిస్తారు. బిగించిన చోటుకు పైనో కిందో ఉన్న కీలు కొన్నేళ్లకు అరిగే అవకాశమూ ఉంది.

మీ సర్జన్‌ను ఒక మాట తప్పక అడగండి. జారుడు స్వల్పంగా ఉండి, వంగినప్పుడూ నిటారుగా నిలబడినప్పుడూ తీసిన ఎక్స్‌రేల్లో వెన్నుపూస పెద్దగా కదలకపోతే, కొందరికి స్క్రూలు లేకుండా నాడుల మీది ఒత్తిడి తొలగిస్తే సరిపోతుంది. అలా చేస్తే ఆపరేషన్ చిన్నది, రక్తస్రావమూ తక్కువ. మీకు ఎక్కువగా బాధపెడుతున్నది కాళ్ల లాగుడే కావటం అనుకూలమైన విషయం, ఎందుకంటే ఈ ఆపరేషన్‌తో నడుము నొప్పికంటే కాళ్ల నొప్పే బాగా తగ్గుతుంది.

కాబట్టి చేయించుకోవచ్చు, కానీ వచ్చే వారమే కాదు. రెండు మూడు నెలలు తీసుకుని గ్లూకోజును అదుపులోకి తెచ్చుకోండి, సిగరెట్ మానండి. ఈలోగా మూత్రం బిగబట్టినట్టు ఆగిపోయినా, తెలియకుండానే మూత్రం పోతున్నా, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోయినా, పాదం బలం రోజురోజుకూ తగ్గుతున్నా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి. అలాంటప్పుడు గ్లూకోజు ఎంతున్నా ఆపరేషన్ ఆపరు, దాన్ని ఇన్సులిన్‌తో సరిచేస్తూనే చేస్తారు.