1776 నాటి నోటు నకలని తేలింది, డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. 14 నెలల క్రితం ఒహాయోలోని ఒకాయన దగ్గర ఆన్‌లైన్‌లో 900 డాలర్లు పెట్టి, 1776 ఫిబ్రవరి 17 తేదీతో ఉన్న అర డాలరు కాంటినెంటల్ నోటు (అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలపు కాగితపు డబ్బు) కొన్నాను. ప్రకటనలో 'అసలైనది' అని ఉంది. కింద 'ఉన్నది ఉన్నట్టే, వాపసు లేదు' అనీ ఉంది. మొన్న ఒక డీలరుకు చూపిస్తే నకలన్నారు. డబ్బు రాబట్టుకోవచ్చా? లేదంటే నేనూ వేరేవాళ్లకు అమ్మేయవచ్చా?

జవాబు: అమ్మకండి. నకలని తెలిశాక అసలైనదిగా అమ్మితే అది మోసం. పైగా 1973 నాటి హాబీ ప్రొటెక్షన్ యాక్ట్ ప్రకారం పాత నాణేల, నోట్ల నకళ్ల మీద చెరిగిపోకుండా 'కాపీ' అనే ముద్ర ఉండి తీరాలి. 2014 సవరణ తర్వాత ముద్ర లేని నకలును వ్యాపారంలో అమ్మడం కూడా నేరుగా ఈ చట్టం కిందికి వస్తుంది. అలాగని ఆ ముద్ర మీరు ఇప్పుడే వేయకండి. ఆ నోటే మీ సాక్ష్యం.

ఇక డబ్బు సంగతి. 'వాపసు లేదు' అన్న మాట చూసి చాలామంది ఆశ వదులుకుంటారు, అది పొరపాటు. 'అసలైనది' అనే వర్ణన సరుకుల అమ్మకాలకు వర్తించే యూనిఫాం కమర్షియల్ కోడ్ సెక్షన్ 2-313 కింద స్పష్టమైన హామీ. 'ఉన్నది ఉన్నట్టే' అన్న షరతు, పైకి చెప్పకపోయినా ఉన్నట్టే చట్టం భావించే హామీలనే తీసేస్తుంది, రాసి ఇచ్చిన హామీని తుడిచేయలేదు. అమ్మినాయన వ్యాపారి కాకపోయినా ఇది వర్తిస్తుంది. దావా గడువు సరుకు అందిన రోజు నుంచి 4 ఏళ్లు, అంటే మీకింకా 2 ఏళ్ల 10 నెలలుంది. కానీ లోపం తెలిశాక 'సమంజసమైన సమయం'లో అమ్మకందారుకు తెలియజేయకపోతే కేసు అక్కడే పోతుంది. అందుకే ఈ వారమే ఉత్తరం రాయండి.

దానికి ముందు నోటును వెలుతురుకు పట్టి చూడండి. అసలు కాగితంలో నీలం దారపు పోగులు, మెరిసే అభ్రకం రేకులు కలిపారు. సంతకం, నంబరు చేత్తో సిరాతో రాసినవి. స్మారక వస్తువులుగా అమ్మే నకళ్లు పసుపుపచ్చగా, పెళుసుగా, పట్టుకుంటే కరకరలాడతాయి. సంతకం కూడా మిగతా అక్షరాలతోపాటే అచ్చయి ఉంటుంది. ఇవన్నీ దగ్గర నుంచి ఫొటోలు తీయండి. డీలరు నోటిమాట కోర్టులో నిలవదు, ఆయన అభిప్రాయం సంతకంతో రాయించుకోండి. పాత నోట్లను పరిశీలించి ధ్రువీకరించే పీఎంజీ లాంటి సంస్థకు పంపితే ఇంకా బలం. ఒక్క జాగ్రత్త: యుద్ధకాలంలోనే బ్రిటిష్ వాళ్లూ ఇతరులూ చేసిన దొంగనోట్లకు ఇవాళ సేకర్తల్లో విలువ ఉంది. మీది అలాంటిదైతే ఆ విలువ మీ నష్టంలోంచి తగ్గుతుంది.

ఉత్తరం సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి. ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు రసీదు, నిపుణుడి కాగితం జతచేసి, నోటు తిరిగిస్తానని, 900 డాలర్లు ఫలానా తేదీలోగా ఇవ్వాలని రాయండి. నోటును మాత్రం డబ్బు అందేదాకా చేయి దాటనివ్వకండి. ఆయన పలక్కపోతే ముందు ఆ వెబ్‌సైట్ నిబంధనల్లో మధ్యవర్తిత్వ షరతు (తగాదాను కోర్టుకు బదులు మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలన్నది) ఉందేమో చూడండి. న్యూజెర్సీ స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల దావాల) కోర్టులో 5,000 డాలర్ల దాకా వేయవచ్చు గానీ, ఒక్క ఆన్‌లైన్ అమ్మకంతో ఒహాయో మనిషి మీద ఇక్కడి కోర్టుకు అధికారం వస్తుందా అన్న వాదన లేస్తుంది. ఆయన ఉండే కౌంటీలోనే వేస్తే ఆ చిక్కు ఉండదు, అక్కడి పరిమితి 6,000 డాలర్లు.