రంధ్రానికి రబ్బరు వెయ్యి, అల్లుడూ

పటమట,
ఆదివారం రాత్రి

అల్లుడూ,

మధ్యాహ్నం మీ అమ్మ ఫోన్ చేసింది. "ఆ బండి వెనక తనే డ్రిల్లు పెట్టి కెమెరా బిగిస్తాడంట అన్నయ్యా, నువ్వన్నా చెప్పు" అంది. వద్దని చెప్పమందో, ఎలా చెయ్యాలో చెప్పమందో దానికీ తెలీదు. ఫోన్‌లో చెబితే నువ్వు "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నా. రేపు మీ అత్త చేత ఫొటోలు తీయించి వాట్సాప్‌లో పెట్టిస్తా. మొత్తం చదువు.

పాత టెంపో ట్రావెలర్ కొని, సీట్లు పీకి, మంచం, సింకు, గ్యాస్ పొయ్యి పెట్టి క్యారవాన్ చేశావు. ఫొటోలు చూశాను. నలభై ఏళ్లు ఆటోనగర్‌లో బండ్ల కింద పడుకుని వైర్లు లాగినవాణ్ణి, నాకెలా ఉంటుందో నువ్వే ఊహించుకో. సింకు కింద పైపు వంకరగా ఉంది, అది వేరే సంగతి. ఆర్టీఓ ఆఫీసులో మార్పు రాయించావా లేదా? రాయించకపోతే ముందు ఆ పని చూడు.

కెమెరా పెట్టొద్దని నేననను. పోయిన వేసవిలో మీ బావ డాలస్‌లో ఇలాంటి బండే అద్దెకు తీసుకున్నాడు. ఆర్వీ అంటారట అక్కడ. అక్కడ 2018 మే నుంచి కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా ఉండి తీరాలట. ఆ చట్టానికి ఒక రెండేళ్ల పిల్లాడి పేరు పెట్టారని చెప్పాడు. కన్నతండ్రే కారు రివర్స్ చేస్తుంటే వెనకున్న పిల్లాడు కనబడలేదు. అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన బుడ్డోడికీ రెండేళ్లే, వాడు ఎక్కడుంటాడో వాడికే తెలీదు. మన దగ్గర కూడా 2019 జూలై నుంచి కొత్త కార్లకు వెనక సెన్సార్లు తప్పనిసరి చేశారు గానీ, నీ పాత బండికి అవేం లేవు. మీ బ్రాడీపేట లైన్లలో ఆ బండిని వెనక్కి తియ్యాలంటే నాకే చెమటలు పడతాయి. కాబట్టి పెట్టు.

నువ్వు కొన్నది వైర్‌లెస్ కెమెరా కదా. వైర్‌లెస్ అనగానే అసలు వైరే ఉండదనుకునేవాళ్లు చాలామంది. బొమ్మ మాత్రమే గాల్లో వస్తుంది. కెమెరాకి కరెంటు కావాలి, ముందున్న స్క్రీనుకీ కావాలి. స్క్రీనుది సులువు, సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టేసెయ్. అద్దంలో రోడ్డుకి అడ్డం రాని చోట బిగించు. వెనక కెమెరాకి రివర్స్ లైటు నుంచి తీసుకో. రివర్స్ గేరు వేస్తే లైటుకి కరెంటు, దాంతోపాటే కెమెరాకి. రెండిటి మధ్యా ఆరడుగులు మించదు. నువ్వు అంత కష్టపడి కొట్టిన ప్లైవుడ్ పీకి ముందు నుంచి వెనక్కి వైరు లాగే బాధ లేదు, వైర్‌లెస్ కొన్నందుకు లాభం అదే. గేరు వేశాక బొమ్మ రావడానికి రెండు మూడు సెకన్లు పట్టొచ్చు. వచ్చేదాకా బ్రేకు మీద నుంచి కాలు తియ్యకు.

నీ బండి పన్నెండు వోల్టులు. కెమెరా డబ్బా మీద కూడా అదే రాసుందో లేదో చూడు. లారీలకు ఇరవై నాలుగు, పన్నెండుకే చేసిన కెమెరా దానికి తగిలిస్తే కాలిపోతుంది. రేపు నీ స్నేహితుడెవడో తన లారీకి పెట్టమంటాడు, అందుకని చెబుతున్నా.

డ్రిల్లు ముట్టుకునే ముందు ఒక పూట పరీక్షకి కేటాయించు. కెమెరాను టేపుతో అతికించు, విడి బ్యాటరీతో కరెంటు ఇవ్వు, ఇంజన్ ఆన్ చేసి, తలుపులన్నీ మూసి, స్క్రీను చూడు. ఈ కెమెరాలు ఎక్కువగా వైఫై, బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి. నీ బండిలో వైఫై డబ్బా ఒకటి పెట్టావుగా, అదీ ఆన్ చేసి చూడు. అమ్మాయి ఫోన్‌లో హాట్‌స్పాట్ కూడా. లోపల వేడి రాకుండా అల్యూమినియం రేకు పరిచావని మీ అమ్మ చెప్పింది. రేకు సిగ్నల్‌ను తినేస్తుంది. డబ్బా మీద రాసే దూరం ఖాళీ మైదానంలో లెక్క, ఇనుప డబ్బాలో కాదు. బొమ్మ ఆగి ఆగి వస్తే యాంటెన్నా చోటు మార్చు. అప్పటికీ ఇంతే అయితే వాపసు ఇచ్చెయ్, మొహమాటపడకు.

ఇక రంధ్రం. దీని గురించే ఈ ఉత్తరం.

1984 మార్చి. నాకు ఇరవై రెండేళ్లు. మిర్చి సీజను, లారీలకు రాత్రీ పగలూ తేడా లేదు. ఒక ఓనరు సాయంత్రం ఆరింటికి లారీ తెచ్చి, గుంటూరు యార్డులో రాత్రి లోడింగుకి వెనక ఒక లైటు కావాలన్నాడు. స్విచ్ కూడా వెనకే, హమాలీలకు అందేలా ఉండాలన్నాడు. ఎనిమిదింటికల్లా బండి పోవాలి. మేస్త్రి ఇంటికెళ్లాడు, షెడ్డులో నేనొక్కణ్ణే. బ్యాటరీ నుంచి నేరుగా వైరు తీశాను. స్విచ్ వెనకుంది కాబట్టి లైటు వెలిగినా వెలగకపోయినా ఆ వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది. ఛాసిస్ అడ్డపట్టీకి రంధ్రం వేశాను. అంచు వేలితో తడిమితే చూపుడువేలు కోసుకుంది. సన్నగా నెత్తురు గీత. వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో వైరు దూర్చేశాను. గ్రోమెట్లు, అదే, అంచు వైరును కొయ్యకుండా రంధ్రానికి తొడిగే రబ్బరు రింగులు, వాటి డబ్బా పైఅరలో ఉంది, స్టూలు ఎక్కాలి. ఎక్కలేదు. ఫ్యూజు హోల్డరు అయిపోయింది, బండి మళ్లీ వచ్చినప్పుడు పెడదాంలే అనుకున్నా. నా వేలిని కోసిన అంచు వైరు తోలును కొయ్యదా అన్న ఆలోచనే రాలేదు చూడు!

ఇరవై రోజులు కూడా కాలేదు. మద్రాసు లోడుతో పోతూ మార్టూరు దాటాక తెల్లవారుజామున టీకి ఆపారు. వెనక టిక్కీల్లోంచి, అంటే మిర్చి బస్తాల్లోంచి, పొగ. ఇంట్లో పోపులో ఒక్క ఎండుమిర్చి మాడితేనే వీధిలోవాళ్లు దగ్గుతారు. అక్కడ టిక్కీలకు టిక్కీలే అంటుకున్నాయి. దగ్గరికి పోయినవాడు పోయినట్టే కళ్లు మూసుకుని వెనక్కి పరిగెత్తాడట. క్లీనరు కుర్రాడు, పదహారేళ్లుంటాయేమో, తడిపిన గోనెసంచి మొహానికి చుట్టుకుని పైకెక్కి, కాలుతున్న టిక్కీలను ఒక్కోటీ రోడ్డు మీదికి తోసేశాడు. లారీ దక్కింది. వాడి కుడి అరచెయ్యి కాలింది.

ఓనరు ఏమన్నాడో తెలుసా? వాడే బీడీ తాగి పడేసి ఉంటాడన్నాడు. పనిలోంచి తీసేశాడు.

ఆ లారీని మా షెడ్డుకే తెచ్చారు. నేనే కిందికి దూరాను. రంధ్రం దగ్గర వైరుకి తోలు లేదు, రాగి కరిగి చివర చిన్న గుండులా ముద్దకట్టింది. ఆ ముక్క కత్తిరించి నిక్కరు జేబులో వేసుకుని, కొత్త వైరు లాగేసి, బయటికొచ్చి చేతులు కడుక్కున్నా. ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. తొమ్మిది రోజులు చెప్పలేదు. పదో రోజు అన్నం సయించక మేస్త్రికి చెప్పేశాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. చొక్కా వేసుకుని, నన్ను బస్సెక్కించి గుంటూరులో ఓనరు ఇంటికి తీసుకుపోయి, ఆయన ముందు మళ్లీ మొదటి నుంచి నా చేతే చెప్పించాడు. అప్పటికి ఆ కుర్రాడు ఊరెళ్లిపోయాడు. కనిగిరి వైపన్నారు. ఏ ఊరో ఓనరుకీ తెలీదు, డ్రైవరుకీ తెలీదు. తిరిగొచ్చాక మేస్త్రి నెలరోజులు నన్ను డ్రిల్లు ముట్టుకోనివ్వలేదు. మిగతావాళ్లు వేసిన రంధ్రాల అంచులు ఆకురాయితో నున్నగా రుద్దడమే నా పని. ఆ తర్వాత చాలా ఏళ్లు, ఏ లారీ వచ్చినా, దిగిన క్లీనరు కుడిచెయ్యి చూసేవాణ్ణి.

మీ అత్తకు కూడా ఈ సంగతి ఇంతవరకూ చెప్పలేదు. రేపు ఫొటో తీసేటప్పుడు చదువుతుంది. చదవనీ.

నీ బండిలో గ్యాస్ సిలిండర్ ఉందిరా. అర్థమవుతోందా నా భయం? వెనక ఎడమ మూల సిలిండరు, దాని పైపు ఎటు పోతోందో ముందు కొలిచి గీత గీసుకో. రంధ్రం ఆ పక్కకే పోకూడదు. వేసే చోట లోపలివైపు ఏముందో చెయ్యి పెట్టి చూసుకో. డ్రిల్లు బిట్టుకి టేపు చుట్టు, ఎంత లోతు దిగాలో అంతకు మించి దిగకుండా. అంచు రుద్దు, ప్రైమరు రాయి, లేకపోతే రెండు వానలకే తుప్పు. ఆరాక గ్రోమెట్ పెట్టు, ఆ తర్వాతే వైరు. వైరు అటూ ఇటూ లాగి చూడు, రేకు ఎక్కడా తగలకూడదు.

ఫ్యూజు కూడా. బండికి ఫ్యూజు ఉందిగా అంటావు, నాకు తెలుసు. అది బండి వైరు లావుకి తగ్గట్టు పెట్టిన ఫ్యూజు. కెమెరాకి వచ్చే వైరు దారంలా ఉంటుంది. ఏదైనా అయితే బండి ఫ్యూజు ఎగిరేలోపు నీ దారం ఎర్రగా కాలుతుంది. కెమెరా అర ఆంపియర్ కూడా లాగదు, రెండు ఆంపియర్ల ఫ్యూజు చాలు. రివర్స్ లైటు దగ్గర ఎక్కడ కరెంటు తీసుకుంటావో సరిగ్గా అక్కడే పెట్టు, కెమెరా దగ్గర పెడితే మధ్యలో వైరుకి కాపలా ఎవరు?

ఎర్త్‌కి పెయింటు గీకి మెరిసే ఇనుముకి బిగించు. బొమ్మలో గీతలొస్తే ముందు అనుమానించాల్సింది ఎర్త్‌నే.

వాన సంగతి నీకు చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ నుంచి తీశాక ఇక్కడికి వచ్చిన బండ్ల కనెక్టర్లు నువ్వూ చూశావు, పచ్చగా చిలుము పట్టి. వైరు రంధ్రంలోకి పోయే ముందు కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి, చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. చుట్టూ సిలికాన్ రాయి. వాటర్ సర్వీసింగ్ కుర్రాడికి మాత్రం కెమెరా మీద సూటిగా కొట్టొద్దని చెప్పు.

బిగించాక స్క్రీనులో బొమ్మ అద్దంలోలా తిరగబడి కనిపించాలి. బండి కుడివైపున్న మనిషి స్క్రీనులోనూ కుడివైపే ఉండాలి. లేకపోతే సెట్టింగులో మార్చు, లేదంటే గోడ ఒకవైపుంటే స్టీరింగు ఇంకోవైపు తిప్పుతావు. వెనక బంపరు బొమ్మ అడుగున కొంచెం కనిపించేలా వంచు. అందులో వచ్చే ఎరుపు, పసుపు గీతలు నమ్మకు. సుద్దముక్కతో నేల మీద ఒక మీటరు, రెండు, మూడు మీటర్ల దగ్గర నువ్వే గీతలు గీసి, అవి స్క్రీనులో ఎక్కడ పడుతున్నాయో చూసుకో. ఆ కెమెరా అద్దం వెడల్పుగా చూస్తుంది కాబట్టి ఉన్నదానికన్నా దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

అది కిందికే చూస్తుంది. పైన ఏసీ పెట్టావు కదా, దానికి తగిలే వేపకొమ్మ, పక్కింటి సన్‌షేడు అందులో కనబడవు. అందుకని కెమెరా వచ్చింది కదా అని అమ్మాయిని దింపడం మానకు. ఆమె వెనక నిలబడి "రానీ, రానీ" అంటేనే రా. ఆమె కనబడకపోతే ఆపు. బుడ్డోడు ఆమె చంకలో ఉన్నాడో లేదో చూసుకున్నాకే గేరు వెయ్యి. ఈ మాట పదిసార్లు చదువు.

మీ అమ్మ గురువారం వస్తానంది. ఆమె చేత మూడు సైజుల గ్రోమెట్లు, రెండు ఆంపియర్ల ఫ్యూజులు అరడజను, హోల్డరు, నా చిన్న ఆకురాయి పంపుతున్నా. ఆకురాయి మాత్రం తిరిగివ్వాలి, అది మేస్త్రిది. ప్లైవుడ్ మూసే ముందు రంధ్రం దగ్గర వైరు ఫొటో తీసి పంపు, దగ్గర నుంచి, వెలుతురులో. చూసి చెప్పేదాకా స్క్రూ బిగించకు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటాను, అప్పుడు మాత్రం ఫోన్ చెయ్యకు. అనుమానం ఉంటే చెయ్యి, లేస్తాను.

మీ మావయ్య