ట్రైలర్‌లోనే సినిమా మొత్తం చూపించేస్తున్నారా?

చాలాసార్లు అవును. కానీ కథ చెప్పడం వేరు, మలుపు చెప్పేయడం వేరు. అసలు నష్టం రెండోదాంతోనే.

2015లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘టెర్మినేటర్ జెనిసిస్’ ట్రైలర్ చూడండి. యంత్రాల మీద యుద్ధంలో మనుషుల్ని నడిపించే నాయకుడు జాన్ కానరే యంత్రంగా మారిపోయాడని అందులోనే చూపించేశారు. హాల్లో ఉలిక్కిపడాల్సిన చోట ‘ఇది తెలిసిందేగా’ అనుకునే పరిస్థితి. దర్శకుడు అలన్ టేలర్‌కూ అది నచ్చలేదు, ఆ మాట ఆయనే చెప్పారు. ఇలా ఎందుకవుతుందంటే, పెద్ద స్టూడియోల్లో ట్రైలర్ మీద చివరి మాట సాధారణంగా మార్కెటింగ్ వాళ్లది. మొదటి మూడు రోజులు టికెట్లు తెగాలన్నదే వాళ్ల టెన్షన్. అందుకే బాగా పేలే షాట్లన్నీ ఏరి మరీ పెట్టేస్తారు.

రాజమౌళి దారి వేరు. ‘ఈగ’లో హీరో చచ్చిపోయి, ఈగగా పుట్టి పగ తీర్చుకుంటాడని విడుదలకు ముందే చెప్పేశారు. అయినా 2012లో ఆ సినిమా పెద్ద హిట్. అంత చిన్న ప్రాణి అంత బలవంతుణ్ని ఎలా ముప్పుతిప్పలు పెడుతుందన్నదే అక్కడి ఆసక్తి కదా! అదే ‘బాహుబలి 2’కొచ్చేసరికి, కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నకు జవాబు 2017 ట్రైలర్‌లో ఎక్కడా దొరకదు. ఏది చెప్పాలో, ఏది దాచాలో అంత స్పష్టంగా తెలిసినవాళ్లు తక్కువ.

నా మటుకు నేను సస్పెన్స్ సినిమాలకు టీజర్ దాటి ఏమీ చూడను. కామెడీలకైతే నష్టం ఇంకా ఎక్కువ, మంచి జోకులన్నీ ట్రైలర్‌లోనే అయిపోతే హాల్లో నవ్వు రాదు. పాటలు మాత్రం ముందే ఎన్నిసార్లు విన్నా ఫర్వాలేదు.