రెండో కన్ను మూయకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు కెమెరా కొన్నావనీ, విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి భీమిలి దాకా జాలర్ల ఫొటోలు తీయబోతున్నావనీ మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు ఎంత గర్వంగా ఉందో అంత బెంగగానూ ఉంది. బ్యాటరీ ముందురోజే చార్జి చేసుకో. సముద్రపు గాలిలో లెన్సు మార్చకు.

లెన్సు మీది ఎంఎం అంకె పెరిగేకొద్దీ అందులో కనిపించే మేర ఇరుకవుతుంది, దూరపువి దగ్గరగా కనిపిస్తాయి. 50 ఎంఎం లెన్సు మనిషి చూపుతో సమానమని నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అది పూర్తిగా నిజం కాదు. 36 మి.మీ. వెడల్పున్న సెన్సారు (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద ఆ లెన్సు అడ్డంగా పట్టేది సుమారు 40 డిగ్రీలే. మన రెండు కళ్లూ కలిసి 180 డిగ్రీలకు అటూ ఇటూగా చూస్తాయి, అందులోనూ బాగా తేటగా కనిపించేది నడిమి ఒకటి రెండు డిగ్రీలే కనుక, కంటిచూపును ఒక్క అంకెలో చెప్పలేము. నీ కెమెరా సెన్సారు చిన్నది కాబట్టి 50 నీకు 75 లాగా ఇరుకవుతుంది. పెద్ద సెన్సారు మీద 50 చూపేంత మేర కావాలంటే నీకు 35 సరిపోతుంది.

బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఎదుట నిలబడి, కుడికంటితో వ్యూఫైండర్‌లో (కెమెరాకు కన్ను ఆనించి చూసే చిన్న కిటికీలో) చూస్తూ, ఎడమకన్నూ తెరిచి, జూమ్ మెల్లగా తిప్పి చూడు. ఒకచోట రెండు కళ్లకూ అది ఒకే పరిమాణంలో కనిపిస్తుంది. ఆ అంకె వ్యూఫైండర్‌ను బట్టి మారేదే, అయినా ఎడమకన్ను తెరిచి ఉంచడం అలవాటవుతుంది. నాకు కావలసింది అదే.

ఎందుకంటే, నా మిత్రుడొకడు రుషికొండ దగ్గర బండ మీద నిలబడి, ఎడమకన్ను గట్టిగా మూసుకుని, దూరాన వస్తున్న తెప్ప మీద 200 లెన్సు గురిపెట్టాడు. అందులో అడ్డంగా కనిపించేది 10 డిగ్రీలే. తెడ్డు పట్టుకున్న జాలరి చేతి నరాలు కూడా కనిపించాయట; పక్కనుంచి వచ్చిన కెరటం మాత్రం కనిపించలేదు. నాచు మీద కాలు జారి మోకాలి చిప్ప పగిలింది. ఇప్పటికీ మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటాడు. అలాగని 18 పెట్టుకుంటే భయం లేదనుకోకు. అందులో చూస్తే ఎదుటి కెరటం చిన్నదిగా, ఇంకా ఎంతో దూరాన ఉన్నట్టుగా తోస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా బండలెక్కే పిల్లవు నువ్వు, నాకు తెలియదా?

ముఖాలకు మాత్రం 18తో దగ్గరికి పోకు, ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. తప్పు లెన్సుది కాదు, నువ్వు నిలబడ్డ దూరానిది. రెండు మీటర్లు వెనక్కి జరిగి 50తో తీయి, ఆ మనిషి ముఖం మనం ఎదుట కూర్చుని చూసినట్టే వస్తుంది.

హార్బరుకు వెళ్లే రోజు ముందుగా ఫోన్ చెయ్యి తల్లీ, నేనూ వస్తాను. నువ్వు లెన్సులో చూస్తున్నంతసేపూ సముద్రాన్ని నేను చూస్తుంటాను.

మీ మామయ్య