సర్పంచ్ అయిన బిడ్డకు, షాపుల బోర్డుల పంచాయితీ గురించి

బిడ్డా,

నువ్వు గెలిచిన సంబురం ఇంకా ఇంట్లో తగ్గలేదని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. చౌరస్తాలో చికెన్ సెంటర్ బోర్డు గురించి అప్పుడే రెండు వర్గాలు నీ ఇంటికొచ్చి కూర్చున్నాయని కూడా చెప్పింది. పంచాయతీ కార్యదర్శిగా పనిచేసినన్నాళ్లూ ప్రతి ఊళ్లో నేను చూసింది ఇదే. ఎవరి షెడ్డు ముందుకు జరిగింది, ఎవరి బోర్డు ఎవరి షాపును కప్పేసింది, ఎవరి ఇంటి పక్కన వెల్డింగ్ మొదలైంది, వీటి దగ్గరే అన్నదమ్ముల మధ్య మాటలు పోతాయి. ఫోన్‌లో చెప్తే మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నా.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెప్తా. దరఖాస్తు రాకముందే రూలు పెట్టుకో. మన ఊళ్లో ఎవరిని చూసినా మామో, బావో, చిన్నమ్మో అవుతారు. మనిషి ఎదురుగా నిలబడ్డాక రూలు రాస్తే అది అతని కోసమో, అతని మీద కోపంతోనో రాసినట్టే ఉంటుంది. చికెన్ సెంటర్ తగాదా ఒక నెల ఆగినా పర్వాలేదు. వచ్చే పంచాయతీ మీటింగ్ ఎజెండాలో ‘ఊళ్లోని అన్ని షాపుల బోర్డులు’ అని పెట్టించి, వార్డు మెంబర్లందరి ముందు తీర్మానం చేయించు. బోర్డు షాపు గోడకే ఉండాలి, రోడ్డు మీదికి రాకూడదు, కరెంటు స్తంభానికి కట్టకూడదు, రాత్రి ఫలానా టైం తర్వాత మెరిసే లైట్లు ఆపాలి. ఇలా నాలుగు మాటలు చాలు. ఎత్తు గురించి రాసేటప్పుడు వరికోత మిషన్‌ను, గడ్డి లోడుతో వచ్చే ట్రాక్టర్‌ను, వినాయకుడి ఊరేగింపును గుర్తు పెట్టుకో. అవి పోలేని వీధిలో ఏ బోర్డూ నిలవదు. తర్వాత దాన్ని గ్రామసభలో చదివించు. మన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ ఎలాగూ పెట్టాలి. ఊరంతా విన్న రూలును తర్వాత ఎవరూ నాకు తెలియదు అనలేరు.

ఫిర్యాదు వస్తే ఇంట్లో కూర్చుని వినడం కాదు, టేపు పట్టుకుని వెళ్లు. కార్యదర్శి, ఆ వార్డు మెంబరు, రెండు పక్షాలవాళ్లు అక్కడ ఉండాలి. బోర్డు వైపు చూసే ముందు కిందికి చూడు. సాధారణంగా జరిగేదేంటంటే, ముందు మోరీ మీద నాపరాయి బండలు పరుస్తారు. ఆ బండల మీద రెండు మెట్లు వస్తాయి. మెట్ల పక్కన ఇనుప పైపు పాతి సిమెంటు పోస్తారు. ఆ పైపుకు బోర్డు బిగిస్తారు. గొడవ పడేవాళ్లకు పైనున్న బోర్డే కనిపిస్తుంది. అసలు ఆక్రమణ మోరీ దగ్గర మొదలై ఉంటుంది, వాన పడ్డప్పుడు నీళ్లు ఎదురింట్లోకి పోయేది దానివల్లే. బోర్డు తీయించి మెట్లు వదిలేస్తే ఆరు నెలల్లో మళ్లీ అదే పైపుకు ఇంకో బోర్డు వస్తుంది. అందుకే సీసీ రోడ్డు అంచు నుంచి మోరీకి ఎంత, మోరీ నుంచి షాపు గోడకు ఎంత, కొలిచి అక్కడే రాయించి ఇద్దరితో సంతకాలు పెట్టించు. కొలతలు కాగితం మీద పడ్డాక సగం అరుపులు తగ్గుతాయి.

పైకి చూసేటప్పుడు కరెంటు తీగలు చూడు. ఇది మాత్రం మొహమాటపడే విషయం కాదు. 11 కేవీ లైనుకూ కట్టడానికీ మధ్య పక్కవైపు కనీసం 1.2 మీటర్లు, పైన 3.7 మీటర్లు ఖాళీ ఉండాలి. ఫ్లెక్సీ ఫ్రేములు ఇనుపవి. దాన్ని నిలబెట్టేటప్పుడు కొన తీగకు తగిలి ప్రాణాలు పోయిన పిల్లల సంగతి పేపర్లలో చదువుతూనే ఉన్నాం. అనుమానం ఉంటే లైన్‌మన్‌ను పిలిపించి చూపించు. అతను వద్దంటే వద్దే, అక్కడ ఓట్ల లెక్క చూడకు.

రోడ్డు ఎవరిదో కూడా కనుక్కో. ఊరి మధ్య నుంచి పోయేది ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) రోడ్డో, జాతీయ రహదారో అయితే ఆ రోడ్డు జాగాలో బోర్డుకు అనుమతి ఇచ్చే అధికారం నీకు లేదు. లేని అధికారంతో సంతకం పెడితే రేపు ప్రమాదం జరిగినప్పుడు ఆ కాగితమే నీ మెడకు చుట్టుకుంటుంది.

ఇక ఎక్కడ ఏ వ్యాపారం ఉండాలన్నది. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) పరిధిలోని చాలా ఊళ్లకు 2013లో నోటిఫై అయిన మాస్టర్ ప్లాన్ ఉంది, ఏ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో అందులో చూసుకోవచ్చు. మనలాంటి ఊళ్లకు అలాంటి మ్యాపేమీ లేదు. గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల జాగాలో, ఇల్లూ షాపూ కలిసే ఉంటాయి, ఎప్పటినుంచో అంతే. పొలంలో షెడ్డు వేస్తే ముందు నాలా మార్పిడి, అంటే సాగు భూమిని వేరే పనికి వాడుకునే అనుమతి, కావాలి. స్థలం 300 చదరపు మీటర్లు దాటినా, కట్టడం ఎత్తు 10 మీటర్లు దాటినా టౌన్ ప్లానింగ్ వాళ్ల సాంకేతిక అనుమతి తెమ్మను. ఊరి లోపల నీ చేతిలో ఉన్నది ట్రేడ్ లైసెన్సు. పిండిగిర్ని, వెల్డింగ్, కట్టెల మిల్లు లాంటి వాటికి లైసెన్సు ఇచ్చే ముందు చుట్టుపక్కల ఇళ్లవాళ్లను అడుగు. మగవాళ్లను మాత్రమే అడిగితే సరిపోదు. పగలంతా ఆ చప్పుడు వినేది ఇంట్లో ఉండే ముసలివాళ్లు, ఆడవాళ్లు, చదువుకునే పిల్లలు. వద్దనే బదులు షరతులతో ఇవ్వొచ్చు: పొద్దున ఎన్నింటికి మొదలుపెట్టాలి, రాత్రి ఎన్నింటికి ఆపాలి, వ్యర్థాలు ఎక్కడ వేయాలి. ఆ షరతులు లైసెన్సు కాగితం మీదే ఉండాలి, నోటిమాటగా కాదు.

అరుగు మీద కిరాణం పెట్టుకున్న ఒంటరి ఆడమనిషిని మాత్రం ఈ రూళ్లతో వేధించనీయకు. ఆమె బోర్డు దారికి అడ్డం లేకపోతే వదిలెయ్. ఇంటిపన్ను మార్చాల్సి ఉంటే కార్యదర్శి ఆమెకు అర్థమయ్యేలా చెప్పి మార్చాలి.

బడి దగ్గర పాన్‌షాపు విషయంలో మెత్తబడకు. విద్యాసంస్థకు 100 గజాల లోపల సిగరెట్లు, గుట్కాలు అమ్మకూడదని 2003 పొగాకు చట్టమే చెప్తోంది. దానికి నీ తీర్మానం కూడా అక్కర్లేదు. షాపు బోర్డు మీద తెలుగు ఉండాలని, వేరే భాష ఉంటే తెలుగు కింద రాయాలని షాపుల చట్టం నిబంధనల్లో ఉంది. పట్నం చూసి ఒట్టి ఇంగ్లీషు బోర్డులు పెడుతున్నవాళ్లకు మంచిగా చెప్పు, మన ముసలివాళ్లు చదువుకోవద్దా? ఇంకోటి, ప్రకటన పన్ను 2017 జులై 1 నుంచి జీఎస్టీలో కలిసిపోయింది. బోర్డులకు పన్ను అని రసీదు రాయించొద్దు. ఫీజు ఏదైనా తీసుకోవాలనుకుంటే మండల పంచాయతీ అధికారిని (ఎంపీవో) అడిగి, తీర్మానం చేశాకే.

మన చుట్టాల షాపు విషయం మీటింగుకు వచ్చిందనుకో. అందులో నీకుగానీ అల్లుడికిగానీ లాభం ఉంటే ముందే చెప్పి పక్కకు జరుగు, ఓటు వేయకు, అది మినిట్స్‌లో ఎక్కించు. అల్లుడు మంచివాడే. కానీ కొలతలకు నీ బదులు అతను వెళ్లడం అలవాటైతే, రేపు సంతకం నీది, పెత్తనం అతనిది అయిపోతుంది. టేపు పట్టుకున్నప్పుడు అక్కడ నువ్వు ఉండాలి.

ఎవరి బోర్డయినా తీయించాలంటే నోటీసు ఇచ్చి, కారణం రాసి, గడువు పెట్టు. సాయంత్రం గొడవైతే రాత్రికి జేసీబీ పంపే పని ఎన్నడూ చేయకు. కోర్టులో ఓడిపోవడం ఒకటైతే, ఆ ఇంటివాళ్లు రెండు తరాలు మర్చిపోరు.

చికెన్ సెంటర్ సంగతికి వస్తే, ఇద్దరినీ మీటింగ్ దాకా ఓపిక పట్టమను. ఈలోగా బస్టాండు దగ్గర స్తంభానికి కట్టిన నీ గెలుపు ఫ్లెక్సీలు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు దింపించెయ్. లైన్‌మన్‌ను పిలిచి కరెంటు ఆపించాకే కుర్రాళ్లను ఎక్కనివ్వు.

అల్లుడికి, పిల్లలకు ఆశీస్సులు.

మీ చిన్నాయన